బెత్తం లేని క్రమశిక్షణ

మన పిల్లలను చిల్కూరు వైపు క్యాంపుకు తీసుకుపోదామంటే తల్లిదండ్రులు అడిగేది ఒకటే: "అల్లరి చేస్తే ఎవరు చూస్తారు భాయ్ సాబ్?"

జవాబు పాతదే. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ ద్వీపంలో సుమారు 20 మంది కుర్రాళ్లతో క్యాంపు పెట్టారు. ఉన్నవాళ్ల పిల్లలనూ, కష్టజీవుల పిల్లలనూ కలిపి నాలుగు దళాలు చేసి, ఒక్కో దళానికి ఒక కుర్రాణ్ణే నాయకుణ్ణి చేశారు. తప్పు చేసినవాడి సంగతి దళనాయకులే కూర్చుని తేల్చే 'కోర్ట్ ఆఫ్ ఆనర్' పద్ధతి స్కౌటింగులో తర్వాత స్థిరపడింది. తోటివాళ్ల ముందు జవాబు చెప్పుకోవడం బెత్తం దెబ్బకన్నా కష్టమేనని మేమనుకుంటాం.

మన దేశంలో 1950 నవంబరు 7న స్కౌటు సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది. దాని నియమాల్లో అయిదోది జంతువులతో స్నేహం, ఆరోది క్రమశిక్షణ. చిల్కూరులో ఈ రెండూ కలిసిపోతాయి. 1994లో జాతీయ ఉద్యానవనమైన మృగవనిలో గోల చేసిన దళానికి జింకలు కనపడవు.