తిరువయ్యారులో నాగరత్నమ్మ

ఏటా పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో, కావేరి ఒడ్డున, వందలమంది గాయకులు బారులుతీరి కూర్చుని పంచరత్న కీర్తనలు పాడతారు. నాటతో మొదలై గౌళ, ఆరభి, వరాళి మీదుగా శ్రీరాగంతో ముగుస్తుంది. ఆడా మగా కలిసే పాడతారు. చూసేవారికి ఇదంతా త్యాగరాజస్వామి పోయిన నాటినుంచీ ఇలాగే సాగుతోందనిపిస్తుంది. కానీ ఈ పద్ధతి 1940 దశకంలో వచ్చింది. సమాధి మీద గుడి వెలిసింది 1926లో. కట్టించినావిడ బెంగళూరు నాగరత్నమ్మ.

త్యాగరాజు 1847లో సిద్ధిపొందారు. శిష్యులు తలోదిక్కున స్థిరపడి, ఎవరింట్లో వాళ్లు తిథి జరుపుకొనేవారు. సమాధి పాడుబడింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ దాన్ని బాగుచేయించారు. కొన్నేళ్లకు అక్కడే ఆరాధన మొదలైంది, వెంటనే తగాదా కూడా. విద్వాంసులు పెద్ద కచ్చి, చిన్న కచ్చి అని రెండు వర్గాలుగా చీలిపోయి పోటీ ఉత్సవాలు చేశారు. ఒక్క సంగతిలో మాత్రం రెండు కచ్చిలదీ ఒకటే మాట: ఆడవాళ్లు అక్కడ పాడకూడదు.

నాగరత్నమ్మ 1878లో మైసూరు సంస్థానంలోని నంజనగూడులో దేవదాసి కుటుంబంలో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి. సంగీతం, సంస్కృతం, తెలుగు చిన్ననాడే పట్టుబడ్డాయి. మద్రాసు చేరి కచేరీలతో బాగా గడించారు.

తెలుగువాళ్లకు ఆవిడ ముందుగా తెలిసింది పాటతో కాదు, పుస్తకంతో. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికాసాంత్వనము'ను పరిష్కరించి 1910లో వావిళ్లవారి చేత అచ్చువేయించారు. అంతకుముందే కందుకూరి వీరేశలింగం ఆ కావ్యాన్ని, కవయిత్రి నడతను కూడా తూలనాడి ఉన్నారు. మగకవుల కావ్యాల్లో ఇంతకు మించిన శృంగారం ఉన్నా పెద్దలు మెచ్చుకుంటారు కదా, సిగ్గు అన్నది ఆడవాళ్లకేనా అని నాగరత్నమ్మ పీఠికలో నిలదీశారు. సంఘసంస్కర్తను ఒక దేవదాసి అచ్చులో అలా అడగడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. మరుసటి ఏడే ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. మళ్లీ 1947లో, టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉండగా, ఆ నిషేధం తొలగింది.

త్యాగరాజు సమాధికి మళ్లీ పట్టిన దుస్థితిని చెబుతూ 1921లో మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప ఆవిడకు ఉత్తరం రాశారు. స్వామి కలలో కనబడ్డారనీ అంటారు. ఉత్తరమో కలో గానీ, ఆ ఏడే శంకుస్థాపన జరిగింది. ఆవిడ నగలమ్మి, కూడబెట్టినదంతా పోసి, చుట్టూ స్థలం సంపాదించి గుడి కట్టించారు. 1926 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది. ఆ సందర్భంగా తానూ హరికథ చెబుతానంటే భాగవతార్లు ఒప్పుకోలేదు. ఆవిడ డబ్బుతో లేచిన గోడలు కావాలి, ఆవిడ గొంతు అక్కర్లేదు!

నాగరత్నమ్మ ఏడ్చి ఊరుకోలేదు. మరుసటి సంవత్సరం నుంచి గుడి వెనకవైపు ఆడవాళ్లతో వేరే ఆరాధన నడిపారు. పెంగళ్ కచ్చి, అంటే ఆడవాళ్ల వర్గం, అలా పుట్టింది. దేవదాసీలు అక్కడికి వచ్చి పాడారు, హరికథలు చెప్పారు. అదే కాలంలో మద్రాసులో ముత్తులక్ష్మిరెడ్డి తెచ్చిన దేవదాసీ నిషేధ బిల్లునూ ఆవిడ ఎదిరించారు. ఈ విషయంలో చరిత్ర ఆవిడ పక్షం నిలవలేదు. కానీ తమ కళనూ ఆస్తినీ కులవృత్తినీ ఒకే గాటన కట్టి నింద వేయడాన్ని ఆవిడ తప్పుపట్టడంలో న్యాయం ఉంది.

1940లో మూడు కచ్చిలకూ రాజీ కుదిరింది. గుడి నాగరత్నమ్మది. ఆవిడను కాదని ఉత్సవం జరపడం ఎవరి తరమూ కాదు. అందరూ కలిసి పంచరత్నాలు పాడడం ఆ తర్వాతే ఆచారమైంది. ఆడవాళ్లకు ఆ వరసలో చోటిచ్చింది పెద్దల దయ కన్నా ఆవిడ పట్టుదలే అనాలి.

చివరి రోజుల్లో ఆవిడ మకాం తిరువయ్యారే. ఆస్తిని గుడికే రాసిచ్చారు. దేవదాసీలతో సహా స్త్రీలెవరైనా అక్కడ పూజించుకోవచ్చు, పాడుకోవచ్చు అన్న షరతు వీలునామాలో పెట్టారు. 1952 మే 19న కన్నుమూశారు. ఆవిడ సమాధి త్యాగరాజస్వామి గుడికి అభిముఖంగా ఉంది. ఆరాధనకు వెళ్లే తెలుగువారు అక్కడికీ వెళ్లి ఒక నమస్కారం చేసి రావాలి.