బ్రిటన్ స్పౌజ్ వీసా: కాపురానికి పెరిగిన గడువు

బ్రిటన్‌లో స్థిరపడ్డవారిని పెళ్లి చేసుకుని వెళ్లే భార్యకైనా భర్తకైనా మొదట దొరికేది 33 నెలల వీసా. అది ముగిసేలోపు 30 నెలల పొడిగింపు అడగాలి. అయిదేళ్లు నిండాకే శాశ్వత నివాసం. అందుకే అక్కడి తెలుగు ఇళ్లలోనూ పే స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఇద్దరి పేర్ల మీదా వచ్చే బిల్లులు కాపురం మొదలైన నెల నుంచే ఫైల్లో చేరుతుంటాయి. ఇదంతా వలసవెళ్లినవారి ముందుచూపు అనుకుంటాం. కానీ ఆ ముందుచూపు అవసరమయ్యేలా చేసింది చట్టమే. సరిహద్దు దగ్గర జరిగే విచారణ సడలినకొద్దీ కాపురానికి పెట్టే పరీక్షాకాలం పెరుగుతూ వచ్చింది.

1962 కామన్వెల్త్ వలస చట్టం కొత్త కార్మికుల రాకకు కళ్లెం వేసినా, అప్పటికే అక్కడున్నవారి భార్యలనూ 16 ఏళ్లలోపు పిల్లలనూ ఆపలేదు. ఏడేళ్లకే, వాళ్లు కూడా బయల్దేరేముందే ఎంట్రీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలన్న నిబంధన వచ్చింది. ఉపఖండంలోని బ్రిటిష్ కార్యాలయాల్లో ఇంటర్వ్యూ కోసం నిరీక్షణ ఏళ్లకు పాకింది. 1979 జనవరిలో, కాబోయే భర్త కోసం వచ్చిన ఒక భారతీయ ఉపాధ్యాయురాలికి హీత్రూలో కన్యత్వ పరీక్ష చేశారు. పత్రికల్లో అది బయటపడ్డాక ఆ పద్ధతిని ఆపేయక తప్పలేదు. మరుసటి ఏడాదే భర్తల విషయంలో ఇంకో నిబంధన పెట్టారు: బ్రిటన్‌లో స్థిరపడడమే పెళ్లి ప్రధానోద్దేశమని అధికారి నమ్మితే వరుణ్ని నిరాకరించవచ్చు. అది కాదని రుజువు చేసుకునే భారం 1983లో వరుడి మీదే పడింది. పెద్దలు కుదిర్చిన సంబంధంలో, పెళ్లయ్యాక ఎక్కడ ఉండాలన్నది కూడా మాటల్లో తేల్చుకునే విషయమే కదా. ఆ సహజమైన సంభాషణే అధికారి చేతిలో తిరస్కరణకు సాక్ష్యమైంది. అబ్దులజీజ్, కబాలెస్, బల్కండాలి కేసులో 1985లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు, భర్తలకు ఇలా కఠినమైన నిబంధనలు పెట్టడం స్త్రీపురుష వివక్ష అని తేల్చింది. ప్రభుత్వం భర్తలకు ఆ పరీక్ష తీసేయలేదు; భార్యలకూ అదే పరీక్ష పెట్టి లెక్క సరిచేసింది.

1997లో కొత్త లేబర్ ప్రభుత్వం ఆ నిబంధనను రద్దు చేసింది. అప్పటికి వచ్చినవారి పరీక్షాకాలం 12 నెలలు. 2003లో అది రెండేళ్లయింది, 2012 జులైలో అయిదేళ్లయింది. దాంతోపాటే స్పాన్సర్‌కు, అంటే బ్రిటన్‌లో ఉన్న భాగస్వామికి, ఏడాదికి కనీసం 18,600 పౌండ్ల ఆదాయం ఉండాలన్నారు. 2024 ఏప్రిల్‌లో కొత్తవారికి దాన్ని 29,000 చేశారు. జీతం చాలనివారు పొదుపు చూపాలంటే, తక్కువపడ్డ మొత్తాన్ని రెండున్నరతో హెచ్చించి 16,000 కలపాలి. ఆదాయమే లేకపోతే 2012 లెక్కన 62,500 పౌండ్లు. రెండున్నర అంటే ఒక విడత పొడిగింపు నడిచే ఏళ్లు: అధికారి సంసారం ఖర్చును ముందే గుణించి పెట్టుకున్నాడన్నమాట. పొడిగింపు తేదీల లెక్క ఇంకా సున్నితం. తొందరపడి ముందే అడిగితే 60 నెలలకు రోజులు తక్కువపడి మరో విడత రుసుం కట్టాల్సి రావచ్చు. ఆలస్యం చేస్తే 1971 వలస చట్టంలోని 3సీ సెక్షన్ ఇచ్చే రక్షణ పోతుంది. గడువులోపు దరఖాస్తు చేసినవారికే నిర్ణయం వచ్చేదాకా పాత హక్కులు కొనసాగుతాయి.

అధికారి అనుమానం కన్నా జీతం లెక్క నయం కాదా అని అడగవచ్చు. కొంతవరకు నయమే. అంకెతో వాదించవచ్చు, ఉద్దేశంతో వాదించలేం. కానీ ఆ అంకె లండన్ బ్యాంకు ఉద్యోగికీ చిన్న పట్టణంలో వృద్ధుల సంరక్షణ చేసే ఆమెకూ ఒకటే. దొంగ పెళ్లిళ్లను కాలమే బయటపెడుతుందన్నది రెండో వాదన. నాకిది బలహీనంగా కనిపిస్తుంది. పరీక్షాకాలం ఎంత పెరిగితే, వచ్చిన మనిషి వీసా అంతకాలం జీవితభాగస్వామి చేతిలో ఉంటుంది. హింసను భరిస్తూ దేశంలో ఉండాలా, బయటపడి దేశం వదలాలా అన్న సంకటం ఒక్క ఏడాది గడువు ఉన్న రోజుల్లోనే స్త్రీలకు ఎదురైంది. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ వంటి సంఘాలు పోరాడాకే 1999లో బాధితులకు మినహాయింపు దొరికింది, 2002లో అది నిబంధనల్లోకి ఎక్కింది. ఏడాది గడువే అంత ప్రమాదకరమని తెలిశాక దాన్ని అయిదేళ్లకు పెంచడానికి దొంగ పెళ్లిళ్ల భయం చాలిన కారణం కాదు. ఆదాయ పరిమితిని 2017లో సుప్రీంకోర్టు సూత్రంగా ఒప్పుకున్నా, పిల్లల క్షేమాన్ని నిబంధనలు సరిగా లెక్కలోకి తీసుకోలేదని తప్పుపట్టింది. ఆ ఏడాదే నిబంధనలు కొంత సవరించారు. అయిదేళ్ల గడువును మాత్రం ముట్టుకోలేదు.