స్టేషన్ మాస్టరు ఇచ్చిన గది

ఊళ్లో సరైన బస లేదు. 1910 నవంబరు 13 సాయంత్రం రష్యాలోని అస్తాపొవో జంక్షన్‌లో రైలాగగానే డాక్టరు మకొవిత్‌స్కీ దిగి స్టేషన్ మాస్టరును వెతుక్కుంటూ వెళ్లాడు. పెట్టెలో ఒక ముసలాయన జ్వరంతో వణికిపోతున్నాడు. ఆయన పేరు వినగానే స్టేషన్ మాస్టరు ఇవాన్ ఒజోలిన్ నివ్వెరపోయాడు. పట్టాల పక్కనే ఉన్న తన క్వార్టర్సులో గది ఇచ్చాడు. పెళ్లాం పిల్లలతో సర్దుకున్నాడు.

ఆ ముసలాయన టాల్‌స్టాయ్. వయసు 82. మూడు రోజుల కిందట, ఇంకా తెల్లవారకముందే, భార్యకు చెప్పకుండా యాస్నాయా పొల్యానాలోని ఇల్లు విడిచాడు. సన్యాసినుల మఠంలో ఉన్న చెల్లెల్ని చూసి దక్షిణానికి రైలెక్కాడు. ఎక్కడ దిగాలో ఆయనకే తేలలేదు. ఆ సంగతి న్యుమోనియా తేల్చింది. తన నవలా నాయిక అన్నా కెరనీనాను రైల్వే స్టేషన్లో చంపిన రచయిత చివరికి స్టేషన్‌కే చేరాడని అందరూ అంటారు. నాకు మాత్రం ఒజోలినే గుర్తొస్తాడు. రచయితను ఆయన రాతల ద్వారానే ఎరిగిన ఉద్యోగి, తలుపు తీసేముందు లెక్కలేవీ వేసుకోలేదు.

తర్వాతి వారమంతా ఆ చిన్న స్టేషన్ తట్టుకోలేనంత జనం. విలేకరులు, పోలీసులు, మతపెద్దలు, పాతే కంపెనీ సినిమా కెమెరా. తంతి యంత్రానికి తీరిక లేదు. భార్య సోఫియా ప్రత్యేక రైల్లో వచ్చింది. ఆమెను చూస్తే ఆయన తట్టుకోలేడని లోపలివాళ్లు రానివ్వలేదు. కిటికీలోంచి తొంగి చూస్తున్న ఆమెను కెమెరా పట్టేసింది. ఆయనకు స్పృహ తప్పాకే లోపలికి పిలిచారు. నవంబరు 20న (రష్యా పాత క్యాలెండరులో 7న) ఉదయం 6:05కి టాల్‌స్టాయ్ కన్నుమూశాడు.

దేహాన్ని యాస్నాయా పొల్యానాకు తీసుకెళ్లి అడవిలో పూడ్చారు. అస్తాపొవోకు మిగిలింది ఆ గది. మంచమున్న చోట మంచం అలాగే ఉంచారు. గదిని కదిలించడానికి మనసొప్పలేదు, అంతే. 1918లో స్టేషన్ పేరే లెవ్ టాల్‌స్టాయ్ అయింది. తర్వాత మాస్టరు ఇల్లు మ్యూజియమై, మాస్కోలోని టాల్‌స్టాయ్ మ్యూజియానికి శాఖగా చేరింది. ఇప్పుడది లిపెత్‌స్క్ ప్రాంతంలో ఉంది.

స్టేషన్ గడియారం ముళ్లను 6:05 దగ్గరే నిలిపేశారు. రైలు కోసం వచ్చినవాళ్లు టైము తెలుసుకోవాలంటే సొంత వాచీ చూసుకోవాల్సిందే.