ఆర్మూరు నేల, కడెం భ్రంశం: ఒక ఉమ్మడి పరిశోధనకు ప్రతిపాదన

ఆర్మూరు గుట్టలమీద ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న బండలను చూసినవారికి ఈ నేల ఎన్నడూ కదిలి ఉండదనే అనిపిస్తుంది. ఈ ఊహను కొట్టిపారేయనక్కరలేదు. అలా నిలిచిన బండల వయసును లెక్కగట్టి, అంతకాలంలో అక్కడ ఎంతటి కుదుపు వచ్చి ఉండదో అంచనా వేసే పద్ధతి కాలిఫోర్నియాలో వాడుకలో ఉంది. అయితే బండలు చెప్పేది సగం కథే.

గోదావరి దాటి నిర్మల్ వైపు వెళితే, కడెం పేరుతోనే భూశాస్త్రజ్ఞులు గుర్తించిన ఒక భ్రంశం ఉంది. భ్రంశమంటే ఇరుపక్కల రాతి భాగాలు ఒకదానికొకటి ఒరుసుకొని జరిగిన పగులు. గోదావరి లోయలో ఇటువంటివి ఇంకా ఉన్నాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. ఇక లోయకు వెలుపల, ఆర్మూరుకు సుమారు 190 కిలోమీటర్ల దూరంలో ఉన్న కిల్లారి సంగతి వేరు. ఆనాటి పటంలో అది అతి తక్కువ ప్రమాదం గల మండలంలో ఉండేది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున అక్కడ దాదాపు పదివేలమంది నిద్రలోనే మట్టిగోడల కింద ప్రాణాలు కోల్పోయారు.

యంత్రాల సాక్ష్యం నూరేళ్లకు కొంచెం మించినది. ఒక భ్రంశం తిరిగి కదలడానికి వేల ఏళ్లు పట్టవచ్చు. ఆ లోటును పూరించగలవి రెండే: నేలలోని పొరలు, మనుషులు వ్రాసిన కాగితాలు. మొదటిది భూశాస్త్రజ్ఞుని పని. రెండవది చాలావరకు మనది.

హిజ్రీ 911లో, అనగా 1505 జూలైలో, కాబూల్‌ను కుదిపిన భూకంపాన్ని బాబర్ తన ఆత్మకథలో వర్ణించాడు. పగ్మాన్ వైపు నేల ఎక్కడ చీలింది, ఎక్కడ పైకి లేచింది, ఎక్కడ దిగబడింది, తొలిరోజు ఎన్ని కుదుపులు వచ్చాయి, అన్నీ వ్రాశాడు. చమన్ భ్రంశ మండలాన్ని అధ్యయనం చేసేవారు నేటికీ ఆ పుటలు తిరగేస్తారు. అదే 911లో కన్నుమూసిన అల్లామా సుయూతీ భూకంపాలను సంవత్సరాల వారీగా కూర్చి ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశారు. 1982లో వెలువడిన ఇరాన్ భూకంపాల చరిత్రను ఆంబ్రసీస్ అనే ఇంజనీరు, మెల్విల్ అనే పారసీ పండితుడు కలిసి వ్రాశారు. ఇద్దరిలో ఏ ఒక్కరూ ఒంటరిగా చేయగల పని కాదది.

మన వద్ద ఇటువంటి జోడీ కుదరడానికి అవకాశం లేకపోలేదు. 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ హైదరాబాదులోనే ఉంది. షాజహాన్, ఔరంగజేబు కాలంనాటి దక్కన్ పారసీ పత్రాలు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో ఉన్నాయి. కొరత షికస్తా లిపి చదవగలవారిది. వారు ఏటేటా తగ్గిపోతున్నారు.

చదవడం వస్తే చాలదు, తేదీ తెలియాలి. నిజాం రాజ్యపు కాగితంలో 1357 అని ఉందనుకోండి. హిజ్రీ అయితే అది 1938-39. ఫసలీ అయితే 590 కలపాలి, 1947-48 అవుతుంది. తొమ్మిదేళ్ల తేడా! ఒకే కుదుపు రెండుగా లెక్కలోకి ఎక్కేది ఇలాంటిచోటే. మసీదు గోడ మరమ్మతు పద్దు కనిపించగానే భూకంపమని సంబరపడరాదు; వానకు కూలిన గోడలే ఎక్కువ. శిస్తు కాగితాల మౌనాన్నీ అతిగా నమ్మరాదు. శిస్తు తగ్గించని కుదుపును గుమస్తా ఎందుకు వ్రాస్తాడు?

ఆర్మూరు వంతుకు వచ్చేవి పసుపు అడతి దుకాణాల పాత ఉర్దూ పద్దు పుస్తకాలు, మసీదుల మరమ్మతు లెక్కలు, ఖాజీల దఫ్తర్లు. చిత్తుకాగితాల వ్యాపారి తలుపు తట్టకముందే ఎవరింట ఏమున్నదో జాబితా వేయాలి. ఆ పైన చదువుతూ పోయి, ఎక్కడా ‘జల్‌జలా’ అనే మాట దొరకకపోయినా సరే, ఏయే సంవత్సరాల కాగితాలు చూశామో వ్రాసి భూశాస్త్రజ్ఞునికి అందించాలి. ఫలానా ఏళ్లలో ఏమీ లేదన్న జవాబు కూడా అతని లెక్కకు పనికివస్తుంది.