బాణసంచా మందు: ఇళ్లలో నిల్వ ప్రాణాంతకం

దీపావళికి కొన్ని వారాల ముందు గోదావరి జిల్లాలతో సహా పలు ప్రాంతాలలో సిసింద్రీలు, తారాజువ్వలు, ఉల్లిపాయ బాంబులు ఇళ్లలోనే తయారుచేయుట, అందుకు అవసరమైన మందును నిల్వ చేయుట గమనింపబడుచున్నది. 2014 అక్టోబరు 20న తూర్పు గోదావరి జిల్లా వాకతిప్పలోని బాణసంచా తయారీ కేంద్రంలో సంభవించిన పేలుడులో 10 మందికి పైగా మరణించారు. 2024 అక్టోబరు 31న ఏలూరులో ద్విచక్ర వాహనంపై తరలిస్తున్న ఉల్లిపాయ బాంబులు పేలి ఒకరు మృతి చెందగా, పలువురు గాయపడ్డారు.

ప్రమాదానికి కారణం

సూరేకారం, గంధకం, బొగ్గుల మిశ్రమమైన నల్లని మందు మండుటకు బయటి గాలి అవసరం లేదు. ప్రాణవాయువు సూరేకారం నుండే లభిస్తుంది. కావున గోనెపట్టా, ఇసుక కప్పినంత మాత్రాన మంట ఆరదు. విడిగా ఉన్నప్పుడు వేగంగా మండే ఈ మందు, గట్టిగా మూత బిగించిన స్టీలు డబ్బాలో పేలుడుగా మారుతుంది. నిప్పురవ్వ, రాపిడి, స్థిర విద్యుత్తు చాలును. తడిసిన మందు ఆరిన పిమ్మట తిరిగి మండగలదు.

చట్టం

పేలుడు పదార్థాల చట్టం, 1884, నిబంధనలు, 2008 ప్రకారం లైసెన్సు లేనిదే బాణసంచా తయారుచేయుట జైలు శిక్షకు అర్హమైన నేరం. తాత్కాలిక దుకాణాలు మండని సామగ్రితో నిర్మించి, ఒకదానికొకటి కనీసం 3 మీటర్ల దూరంలో, ఎదురెదురుగా లేకుండా ఏర్పాటు చేయవలెను. ఒకే చోట 50 దుకాణాలకు మించరాదు.

గృహస్థులు పాటించవలసినవి

* కొనుగోలు చేసిన బాణసంచాను పండుగకు అవసరమైన మేరకే, అసలు అట్టపెట్టెలలోనే ఉంచవలెను.
* వంటగది, దీపారాధన స్థలం, ఇన్వర్టరు, మెట్లకింది భాగం నిల్వకు పనికిరావు. పిల్లలకు అందనీయరాదు.
* టపాకాయలు విప్పి మందు పోగుచేయుట, దంచుట, కలుపుట ఎట్టి పరిస్థితులలోను కూడదు.
* పొయ్యి వద్ద ఆరబెట్టరాదు.
* సంచిలో కుక్కి ద్విచక్ర వాహనంపై తరలించరాదు.

మందు నిల్వ కంటబడినచో

దానిని తాకుట, కాల్వలో పారబోయుట, తగులబెట్టుట చేయరాదు. అందరినీ దూరంగా పంపి 112 లేదా 101 నంబరుకు తెలియజేయవలెను. రెవెన్యూ, పోలీసు, అగ్నిమాపక సిబ్బంది తనిఖీలను పండుగ వారానికి పరిమితం చేయక, మందు తయారీ ఆరంభమయ్యే నాటి నుండే చేపట్టినచో ప్రాణనష్టం నివారింపవచ్చును.