ఇంటర్మీడియట్ దశలో జీవన నైపుణ్యాలు, పౌరవిద్య

పదో తరగతి దాటి ఓటు హక్కు వయసుకు చేరువవుతున్న విద్యార్థులకు సొంత జీవితాన్ని నడుపుకోవడమూ, తోటివారితో కలిసి ప్రజావ్యవస్థల్లో పాలుపంచుకోవడమూ నేర్పే బోధన ఇది. ఇందులో రెండు పాయలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో గుర్తించిన పది జీవన నైపుణ్యాలు మొదటిది: తనను తాను తెలుసుకోవడం, ఎదుటివారి స్థితిని అర్థం చేసుకోవడం, నిర్ణయం తీసుకోవడం, ఒత్తిడినీ ఉద్వేగాలనూ తట్టుకోవడం వంటివి. రాజ్యాంగం, హక్కులు, విధులు, ఎన్నికలు, స్థానిక పాలన రెండోది. సాధారణంగా మొదటిదాన్ని కౌన్సెలింగ్ కింద, రెండోదాన్ని సాంఘిక శాస్త్రం కింద సర్దుతుంటారు. అలా విడదీయడం వల్లే రెండూ బలహీనపడుతున్నాయి. పౌరవిద్య లేని జీవన నైపుణ్య బోధన, వ్యవస్థ చేసిన తప్పును సైతం విద్యార్థి మనోబలంలోని లోపంగా చూపిస్తుంది. నైపుణ్యం తోడులేని పౌరవిద్య అధికరణాల సంఖ్యలు వల్లె వేయించి ఊరుకుంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల ఇంటర్ విద్యలో ఈ రెండు నష్టాలూ కనిపిస్తాయి.

పదో తరగతి వరకు అందరూ సాంఘిక శాస్త్రం చదువుతారు. ఇంటర్‌లో చేరగానే దారులు చీలిపోతాయి. సీఈసీ, హెచ్‌ఈసీ వారికి పౌరశాస్త్రం ప్రధాన పాఠ్యాంశం. ఎంపీసీ, బైపీసీ వారికి ఆ చదువు అంతటితో సరి. ఇది జరుగుతున్న వయసు ఏదో గమనించాలి. 61వ రాజ్యాంగ సవరణ 1989 మార్చి 28 నుంచి ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించింది. 2021 నాటి ఎన్నికల చట్టాల సవరణ ఏడాదికి నాలుగు అర్హత తేదీలు తెచ్చింది; 17 నిండినవారు ముందుగానే ఫారం-6 నింపి దరఖాస్తు చేసుకోవచ్చు. సీనియర్ ఇంటర్ విద్యార్థి వయసు ఇంచుమించు ఇదే. చట్టం ఓటరుగా పేరు నమోదు చేసుకోమని పిలుస్తున్న ఏడాదిలోనే కాబోయే ఇంజనీరుకూ డాక్టరుకూ ప్రభుత్వం గురించిన పాఠం ఒక్కటీ ఉండదు. ఈ లోటు పూడ్చే ప్రయత్నం అసలు జరగలేదని కాదు. ఇంటర్ బోర్డులు ‘నైతికత, మానవ విలువలు’, ‘పర్యావరణ విద్య’ పరీక్షలను ఏళ్ల తరబడి నిర్వహించాయి. వాటిలో పాసవడం తప్పనిసరి, కానీ ఆ మార్కులు మొత్తంలో కలవవు. ర్యాంకుకు పనికిరాని పేపరుకు టైంటేబుల్లో చోటు దొరకడం కష్టం. పైగా నిజాయితీ మీద వ్యాసం రాయించి నిజాయితీని కొలవలేం.

రెండు పాయలూ ఎందుకు కలవాలో ఫలితాల కాలం చూస్తే అర్థమవుతుంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో మార్కుల తప్పులు బయటపడ్డాయి. ఫలితాలు వచ్చాక కొద్దిరోజుల్లోనే ఇరవై మంది దాకా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన వారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా పునఃపరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. ఏ మరణానికైనా ఒకే కారణం అంటగట్టడం సరికాదు. అయితే అలాంటి సమయంలో మనసు దిటవు చేసుకొమ్మని చెప్పి ఊరుకుంటే, తప్పు చేసిన సంస్థ జవాబుదారీతనం మరుగున పడుతుంది. దిద్దిన తన జవాబు పత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూసే హక్కు పరీక్ష రాసినవారికి ఉందని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులోనే తీర్పిచ్చింది. ఆ హక్కు సంగతీ, రీవెరిఫికేషన్ గడువూ, అర్జీ ఎవరికి పెట్టాలన్నదీ తెలిసిన విద్యార్థికి మెమోలోని అంకె తిరుగులేని తీర్పులా అనిపించదు; ఆ తెలివిడే మనసుకు ఒక ఆసరా. చట్టం ఒక్కటే తెలిస్తే చాలదన్నదీ అంతే నిజం. ఇంట్లోనో స్నేహితుల్లోనో ఒకరితో గోడు చెప్పుకోవడం, 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు జంకకుండా ఫోన్ చేయడం కూడా నేర్పవలసిన విద్యే.

మామూలు రోజుల్లోనూ ఇదే కలయిక అవసరం. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము రాలేదని కళాశాల సర్టిఫికెట్లు ఆపింది, లేదా సాయంత్రం తరగతులు ముగిసే వేళకు ఊరికి బస్సు లేదు అనుకుందాం. విద్యార్థులు సమస్యను నాలుగు వాక్యాల్లో రాయాలి. అది ఎవరి పరిధిలోకి వస్తుందో, ఆర్టీసీ డిపో మేనేజరా, సంక్షేమ శాఖా, తేల్చుకోవాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనో, ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టి 30 రోజులు చూసి, ఆపైన మొదటి అప్పీలుకు వెళ్లాలి. ఈ పనిలో పాలనా వ్యవస్థ గురించిన పాఠం మొత్తం ఉంది. అధికారి విసుక్కున్నా మాట తూలకపోవడం, తమలో తాము పోట్లాడుకోకుండా ఒక మాట మీద నిలబడటం, ఆలస్యాన్ని ఓర్చుకోవడం కూడా ఉన్నాయి. గైడు చూసి వీటిని అభ్యసించలేం.

ఈ బోధనపై వచ్చే అభ్యంతరాల్లో రాజకీయ భయం గట్టిది. తరగతి గదిలో ప్రభుత్వం గురించి మాట్లాడితే అధ్యాపకుడి పార్టీ అభిమానం పిల్లల మీద పడుతుందంటారు. ఆ ప్రమాదం నిజంగానే ఉంది. జర్మనీలో పౌరవిద్య నిపుణులు దీనికి 1976లో బాయిటెల్స్‌బాఖ్ అనే చోట ఒక దారి కనిపెట్టారు: విద్యార్థిపై అభిప్రాయం రుద్దకూడదు, సమాజంలో వివాదంగా ఉన్నదాన్ని తరగతిలోనూ వివాదంగానే చూపాలి, తన ప్రయోజనాలేవో తానే విశ్లేషించుకునే శక్తి విద్యార్థికి ఇవ్వాలి. ఇలాంటి కట్టుబాటు మన కళాశాలలకూ వర్తిస్తుంది. రాజకీయం తరగతిలోకి రాకపోయినా విద్యార్థి ఫోన్‌లోకి వస్తూనే ఉంది, అక్కడ ఏ కట్టుబాటూ లేదు. ఇవన్నీ ఇంట్లో నేర్చుకోవలసినవి అనేది మరో వాదన. ఇల్లు చాలా నేర్పుతుంది, కానీ తనకు తెలిసినంతే నేర్పుతుంది. కుటుంబంలో మొదటిసారి కళాశాల గడప తొక్కిన పిల్లకు స్కాలర్‌షిప్ అప్పీలు గురించి చెప్పేవారు ఇంట్లో ఉండకపోవచ్చు. కొన్నిసార్లు ఇల్లే అవతలి పక్షమవుతుంది. పదిహేడేళ్ల అమ్మాయికి పెళ్లి నిశ్చయించినప్పుడు, 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం గురించీ 1098 నంబరు గురించీ ఆమెకు బయటివారే చెప్పాలి.

ఈఏపీసెట్, జేఈఈ, నీట్‌ల మధ్య సమయం ఎక్కడిదన్న ప్రశ్న మిగులుతుంది. ఇంగ్లండ్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. బెర్నార్డ్ క్రిక్ అధ్యక్షతన ఏర్పడిన సలహా సంఘం 1998లో ఇచ్చిన నివేదికతో అక్కడ 2002 నుంచి 11–16 ఏళ్ల విద్యార్థులకు పౌరవిద్య తప్పనిసరైంది. అప్పుడు చేరిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, వారానికి ఒక నిర్ణీత పీరియడు, అందుకు ప్రత్యేకించిన ఉపాధ్యాయులు ఉన్న బడుల్లోనే ప్రభావం బాగుందని తేలింది. పట్టింపు తగ్గాక ఆ చదువు ఎంత క్షీణించిందో 2018లో ప్రభువుల సభ కమిటీ విమర్శించింది. అంటే కావలసింది పెద్ద సిలబస్ కాదు, ఎవరూ లాక్కోలేని ఒక్క పీరియడు. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో పౌరశాస్త్ర అధ్యాపకులు ఇప్పటికే ఉన్నారు. ఎంపీసీ, బైపీసీ సెక్షన్లకు వారానికొక గంట వారికి అప్పగించడానికి కొత్త శాఖ అక్కర్లేదు. విశాఖపట్నంలో నీట్ శిక్షణలో ఉన్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో 15 మార్గదర్శకాలు ఇస్తూ, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హతగల కౌన్సెలర్‌ను నియమించాలనీ, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదనీ చెప్పింది. ఆ కౌన్సెలర్, ఈ పౌరశాస్త్ర అధ్యాపకుడు ఒకే తరగతిని కలిసి నడపాలి. ఈ మార్గదర్శకాలు తమ కళాశాలలో అమలవుతున్నాయో లేదో విద్యార్థులే పరిశీలించి ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా నివేదించడం ఆ తరగతికి తగిన మొదటి అభ్యాసం.