సత్తు పళ్లేల రాత్రి

బయట గాలివాన. లోపల కొలిమి. పైన్ కట్టెలు ఎడాపెడా వేసేసరికి మంట ఎగదన్ని కార్ఖానా అంటుకుంది. ఇటు తోట వైపు నుంచి జల్లు కొట్టి కొలిమి చల్లారిపోతోంది. రెండింటితోనూ గంటల తరబడి పెనుగులాడిన బెన్వెనూతో చెల్లీని ఒళ్లు పేలిపోయే జ్వరంతో మంచమెక్కాడు. తెల్లారేసరికి తానుండనని ఇంట్లోవాళ్లకు చెప్పేశాడు కూడా.

ఫ్లారెన్స్ డ్యూక్ కొసిమో 1545లో అప్పగించిన పని అది. గ్రీకు పురాణాల రాక్షసి మెడూసా తల నరికి, జుట్టు పట్టి పైకెత్తిన వీరుడు పెర్సియస్ విగ్రహం. నిలబెట్టాల్సింది అప్పట్లో మైకెలాంజెలో ‘డేవిడ్’ ఉన్న కూడలిలోనే. చెల్లీని కంసాలి. నగలు చేసుకునేవాడికి నిలువెత్తు కంచు పోత ఏం తెలుసని ఊళ్లో గుసగుసలు. డ్యూక్‌కూ అదే అనుమానం.

పద్ధతి మన స్థపతులకు తెలిసిందే. మైనం మీద మట్టి పూసి కాల్చాలి. మైనం కరిగి కారిపోయిన సందులోకి కంచు పోయాలి. కంచు ఎక్కడ ఆగితే బొమ్మ అక్కడికే.

ఆ రాత్రి చెల్లీని మంచం దగ్గరికి ఒక మనిషి వంకర్లు తిరిగిపోతూ వచ్చి, పని చెడిపోయిందని చావు కబురులా చెప్పాడు. చెల్లీని కేకపెట్టి లేచాడు. అడ్డొచ్చినవాళ్లను తన్నుకుంటూ వెళ్లి చూస్తే, కొలిమిలో కంచు ముద్దకట్టుకుపోయి ఉంది. ఎదురింటి కసాయి దగ్గర ఏడాదికి పైగా ఎండిన ఓక్ కట్టెలున్నాయి. అవి తెప్పించి వేశాక ముద్ద కదిలింది. అంతలో ఢామ్మని పేలుడు. కొలిమి మూత పగిలి కంచు పొంగిపోతోంది. గబగబా మూస దారులు తెరిపించాడు. అయినా పారాల్సినంత జోరుగా పారడం లేదు. ఆ వేడికి కంచులోని తగరం హరించుకుపోయిందని కంసాలి కన్ను పట్టేసింది. ఇంట్లో ఉన్న, తగరం పాలెక్కువ ఉండే సత్తు పళ్లేలు, గిన్నెలు, దాదాపు 200, అన్నీ తెప్పించి కొన్ని కాలవల్లోకి, కొన్ని కొలిమిలోకి విసిరేశాడు. మూస నిండింది. జ్వరం సంగతి మరిచిపోయి పనివాళ్లతో కలిసి తిని, తాగి పడుకున్నాడు.

ఇదంతా 1558 నుంచి ఆయన చెప్పి రాయించుకున్న ఆత్మకథలోని మాట. గొప్పలు చెప్పుకోవడంలో చెల్లీనిది అందెవేసిన చెయ్యి కాబట్టి, కాస్త తరుగు తీసి నమ్మడం మంచిది. విగ్రహం మాత్రం 1554లో జనం ముందుకొచ్చింది. ఇప్పటికీ ఆ కూడలిలోనే ఉంది.

పోతకు ముందు, ఎత్తున ఉన్న మెడూసా తల ఎలా వస్తుందని డ్యూక్ అడిగాడట. తలకేం భయం లేదు, అట్టడుగునున్న కుడి పాదమే రాదని చెల్లీని తేల్చి చెప్పాడు. రెండు రోజులు చల్లారనిచ్చి, పైనుంచి మట్టి విప్పుకుంటూ వచ్చాడు. తల వచ్చింది. ఒళ్లు వచ్చింది. పాదం దగ్గరికొచ్చేసరికి మడమ నిక్షేపంగా ఉంది. తన మాట తప్పిందే అని మనసు చివుక్కుమంది. ఇంకాస్త విప్పాడు.

వేళ్లు లేవు. అప్పుడు నవ్వాడు.